అప్పన్న పేరు పెట్టుకున్న ఊళ్లు

సింహాచలం కొండమీది దేవుడికి దేవస్థానం కాగితాల్లో పేరు శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి. గుడి గోడల మీది పాత శాసనాల్లో సింహగిరి నరసింహనాథుడు. విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇళ్లలో మాత్రం ఆయన అప్పన్న. సింహాద్రప్పన్న. కష్టమొచ్చి గట్టిగా పిలవాల్సి వస్తే "అప్పన్నా, తండ్రీ!" అంతే. ఆ పిలుపునే మావాళ్లు మగపిల్లలకు పేరుగా పెట్టుకున్నారు. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలరాముడు, అప్పలసూరి, అప్పలనరసయ్య. ఆడపిల్లలైతే అప్పలనర్సమ్మ, అప్పయ్యమ్మ. ఇక సింహాచలం అన్న పేరైతే అన్నాచెల్లెళ్లలో ఎవరికైనా ఉండొచ్చు. మనిషి ఎదురుగా వచ్చి నిలబడేదాకా ఆడో మగో తెలియదు.

మా నాన్న పేరు అప్పలస్వామి. నా ఉద్యోగమంతా విజయనగరం జిల్లాలోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు పండితురాలిగా గడిచింది. కొత్తవలస, శృంగవరపుకోట, గజపతినగరం వైపు పల్లెల పిల్లలు. నేను చేరిన కొత్తలో హాజరు పిలుస్తుంటే ఒక్క తరగతిలోనే ఈ పేరు నాలుగైదు రూపాల్లో వినపడేది. నేను రిటైరయ్యే నాటికి పిల్లల పేర్ల వరసలో అది దాదాపు కనుమరుగై, తండ్రి పేరు వరసలోనే మిగిలింది. ఇప్పుడు తాతల పేర్లలోకి జరిగిపోయింది. ఇంత పెద్ద సంగతి నా కళ్లముందే జరిగిపోతే దాని గురించి ఎవరూ నాలుగు ముక్కలు రాయలేదే అన్న బాధ నాకు చాలా ఏళ్లుగా ఉంది.

అప్ప అంటే తండ్రి. అన్న సరేసరి. ఈ రెండు చుట్టరికాలూ కలిస్తే అప్పన్న. మా వైపు ఇళ్లలో అక్కని కూడా అప్ప అనే పిలుస్తాం కాబట్టి చెవికి ఆ మాట మరీ దగ్గరగా ఉంటుంది. వీరభద్రప్ప, మల్లప్ప అని శివుడికీ అది అతుకుతుంది, తిరుమలప్ప, వెంకటప్ప అని విష్ణువుకీ అతుకుతుంది. శైవమో వైష్ణవమో అడగని మాట అది. సింహాచలం దేవుడికి అలాంటి మాట కుదరడం వెనక ఆ దేవుడి రూపమే కారణమని నా నమ్మకం.

ఎందుకంటే ఆయనకు ఏడాది పొడవునా ముఖం కనపడదు. వైశాఖ శుద్ధ తదియ నాడు, అంటే అక్షయ తృతీయ నాడు, ఒక్కరోజే చందనం వలిచి నిజరూపం చూపిస్తారు. వరాహం తల, మనిషి ఒడలు, సింహం తోక. ఆ రాత్రే మళ్లీ చందనం పూత మొదలు. విడతకు మూడు మణుగుల చొప్పున అక్షయ తృతీయకీ, వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకీ నాలుగు విడతలుగా పన్నెండు మణుగుల చందనం సమర్పిస్తారు. సానరాళ్ల మీద గంధపు చెక్కలు అరగదీసే పని ఉత్సవానికి చాలా ముందే మొదలవుతుంది. అంత చందనం కిందికి వెళ్లిపోయాక దేవుడికి కోర ఉండదు, గోరు ఉండదు, కన్ను ఉండదు. నునుపుగా, గుండ్రంగా, పసుపుపచ్చగా ఒక ముద్ద ఉంటుంది. అచ్చం శివలింగంలాగే ఉంటుంది. రామానుజులవారు వచ్చి శైవుల చేతిలోంచి ఈ గుడిని మార్చారనీ, చందనం తీయబోతే విగ్రహం నుంచి నెత్తురు చిమ్మిందనీ, అందుకే మళ్లీ కప్పేశారనీ కొండకింద ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, హిరణ్యకశిపుడి పేగులు తీసిన ఉగ్రమూర్తి ఆ పూతలో కనపడడు. వరసలో నిలబడి మా మామ్మ చూసింది ఉగ్రనరసింహుణ్ణి కాదు. వేసవిలో చల్లగా గంధం పూసుకుని కూర్చున్న ఇంటి పెద్దని చూసింది. అలాంటి పెద్దాయన్ని అప్పన్న అనక ఏమంటారు?

గుడి చరిత్ర చాలా వరకు రాజుల చరిత్రలాగే కనిపిస్తుంది. ఇక్కడ దొరికిన శాసనాల్లో బాగా పాతది 11వ శతాబ్దం చివరి నాటిది, కులోత్తుంగ చోళుడి కాలంది. దాన్ని వేయించినవాడు రాజు కాదు, మామూలు మనిషి. అది నాకు చాలా ఇష్టమైన విషయం. ఆ తర్వాత కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులొచ్చారు. కోణార్క సూర్యాలయం కట్టించిన నరసింహదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో, ఈ గుడికి ఇప్పటి రూపం వచ్చింది. తెలుగువాడు ఈ గుడిలోకి వెళ్తే ఒక పక్క ఒరియా రాతి పనీ, మరో పక్క తెలుగు అక్షరాలూ కనపడేది అందుకే. కళింగ దండయాత్రలో ప్రతాపరుద్ర గజపతి మీద గెలిచి కృష్ణదేవరాయలు 1516లోనూ, మళ్లీ 1519లోనూ ఇక్కడికి వచ్చాడు. 991 ముత్యాల హారం, ఇంకా చాలా నగలు సమర్పించాడు, శాసనం వేయించాడు. తర్వాతి కాలంలో విజయనగరం పూసపాటి గజపతులు ధర్మకర్తలయ్యారు. నిజరూప దర్శనం నాడు తొలి దర్శనం నేటికీ ఆ వంశం వాళ్లదే.

ఇంత రాతి రాతలో రాజులున్నారు, రాణులున్నారు, సేనాపతులున్నారు. అఖండదీపానికి నెయ్యి ఏర్పాటు చేసినవాళ్లున్నారు, నైవేద్యానికి భూమి రాసిచ్చినవాళ్లున్నారు. చోడవరం నుంచి, దేవరాపల్లి నుంచి, సాలూరు నుంచి మూట నెత్తిన పెట్టుకుని నడిచొచ్చి కొండెక్కిన రైతుకూలీ మాత్రం ఆ గోడల మీద లేడు. రాతి మీద రాయించేందుకు డబ్బూ లేదు, చదివేందుకు అక్షరమూ లేదు. వాడికి దేవుడితో లెక్క తేల్చుకునేందుకు ఉన్నది ఒక్కటే దారి, మొక్కు. మొక్కు తీరితే కొడుక్కి ఆ పేరు పెట్టడం. సింహాచలం గురించి రాసినప్పుడు రాయల హారం దగ్గర ఆగిపోతే సగం చరిత్రే రాసినట్టు. మిగతా సగం పల్లెల్లోని హాజరు పట్టీల్లో, రేషన్ కార్డుల్లో, ఓటర్ల జాబితాల్లో ఉంది.

మొక్కు ఎలా ఉండేదో మా ఇంటి సంగతే చెబుతాను. నాన్నకు ముందు పుట్టిన పిల్లలు ఎవరూ నిలవలేదు. ఒకరు పురిట్లోనే, ఒకరు పాకే వయసులో, ఇంకొకరు అమ్మవారు పోసి పోయారట. అప్పుడు మా మామ్మని ఆమె అత్తగారు వెంటబెట్టుకుని కొండకు తీసుకెళ్లింది. కొండ కింది మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, మెట్లదారిన పైకెక్కి, గంగధార దగ్గర తల తడుపుకుని, తడి చీరతోనే లోపలికి వెళ్లి కప్పస్తంభాన్ని కావలించుకుంది.

ముఖమండపంలో ఆ స్తంభాన్ని ఇప్పటికీ చూడొచ్చు. మొక్కుబడులు చెల్లించుకునే చోటు కనుక, దేవుడికి కప్పం కట్టే స్తంభం అని ఆ పేరు. దాని అడుగున సంతాన గోపాల యంత్రం ఉందని నమ్మకం. పిల్లలు లేనివాళ్లు, పుట్టినా దక్కనివాళ్లు రెండు చేతులూ చుట్టేసి, చెంప రాతికి ఆనించి, కళ్లు మూసుకుని కోరిక చెప్పుకుంటారు. చేతులు ఆనే చోట ఆ రాయి నూనె రాసినట్టు మెరుస్తూ ఉంటుంది. ఎన్ని తరాల ఆడవాళ్ల అరచేతులు తగిలి అలా నునుపెక్కిందో. నేను వెళ్లినప్పుడల్లా నాకు ముందు నిలబడినవాళ్లు దాన్ని వదిలిపెట్టేదాకా ఆగి చూస్తాను. ఎవరూ తొందరగా వదలరు. వెనకనుంచి సిబ్బంది "కదలండమ్మా" అంటున్నా పెదాలు కదుపుతూనే ఉంటారు.

మరుసటి ఏడు నాన్న పుట్టాడు. పుట్టెంట్రుకలు కొండమీదే తీయించారు. పెయ్యకాకుండా కోడె పుడితే నీదే అని ముందే అనుకున్నారు కాబట్టి ఇంట్లో ఆవు ఈనిన కోడెదూడని తోలుకెళ్లి అప్పన్నకు వదిలేశారు. ఆ రోజుల్లో పాడీ వ్యవసాయమే బతుకైన ఇంటికి కోడెదూడ అంటే రేపటి అరక. దాన్ని వదులుకోవడం చిన్న విషయం కాదు. ఉత్తరాంధ్ర రైతులు నేటికీ కోడెమొక్కు చెల్లిస్తూనే ఉన్నారు. సింహాచలం గోశాలకు ఆ దూడలు వస్తూనే ఉంటాయి.

"ఆడు మేం కన్నోడు కాడే అమ్మా, కొండమీదోడు ఇచ్చినోడు" అనేది మామ్మ నాన్న గురించి. ఆ మాటలో గొప్పలు పోవడం లేదు. దేవుడు ఇచ్చినవాణ్ణి దేవుడి పేరుతో పిలిస్తే మృత్యువు జోలికి రాదని ఆమె గట్టి నమ్మకం. పిల్లలు దక్కని ఇళ్లలో తెలుగుదేశమంతటా రెండు పద్ధతులుండేవి. పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అనో, పుల్లాకు మీద, అంటే ఎంగిలి విస్తరాకు మీద, పడుకోబెట్టి పుల్లయ్య అనో పేరు పెట్టి, వీడు పనికిరానివాడు, నీకెందుకు అని చావుని మభ్యపెట్టడం ఒకటి. ఫలానా దేవుడి సొత్తు, ముట్టుకోకు అని చెప్పడం రెండోది. అప్పన్న పేరు రెండో రకం. మా వైపు ఒకే ఇంట్లో పెదప్పన్న, చినప్పన్న కనపడేది ఇందుకే. పెద్దవాడికి ఆ పేరు పెడితే బతికాడు కదా, రెండోవాడికి వేరే పేరు పెట్టి ఎందుకు భయపడాలి? వైద్యం అందని ఊళ్లో, మశూచీ కలరా తిరిగే కాలంలో ఒక పేరు ఇన్నిసార్లు పెట్టారంటే, ఆ ఊళ్లో ఎంతమంది తల్లులు ఎంత భయపడి ఉంటారో అని నాకు అనిపిస్తుంది. నవ్వేవాళ్లకు అది కనపడదు.

ఈ పేరుకి ఇంకో కష్టం ఉండేది. తాత పేరు మనవడికి పెడతారు. కోడలు మామగారి పేరు పలకకూడదు. మరి అప్పన్న అనే కొడుకుని తల్లి ఏమని పిలుస్తుంది? కొట్టాలన్నా తిట్టాలన్నా పేరు పలకాలి కదా. అందుకని తాతలు అనో, నాయన అనో, బాబు అనో పిలుస్తుంది. మా మేనత్త కొడుకు పేరు మా తాత పేరే. ఆమెకు తండ్రి పేరు కనుక పలకొచ్చు. వాళ్లింట్లో వాడు అప్పన్న. మా ఇంట్లో అదే తాత పేరు పెట్టుకున్న మా తమ్ముడు అమ్మ నోట ఏనాడూ అప్పన్న కాలేదు, "తాతలూ" అయ్యాడు. వాడికి పెళ్లయి పిల్లలు పుట్టినా అమ్మ "తాతలు వచ్చాడా" అనే అడిగేది.

ఇక బడి. బళ్లో అడ్మిషన్ రిజిస్టర్ అని ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. క్రమసంఖ్య, పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, పుట్టుమచ్చలు. ఒక తరగతిలో ఇంటిపేరు మొదటి అక్షరం కూడా కలిసిన అప్పలనాయుళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు మేం తండ్రి పేరు చూసి గుర్తుపట్టేవాళ్లం. తీరా చూస్తే తండ్రి పేరు కూడా అదే కుటుంబంలోని పేరు, సింహాద్రో అప్పలస్వామో. చివరికి పుట్టుమచ్చ చూడాల్సి వచ్చేది.

ఆ రిజిస్టరు తిప్పుతుంటేనే నాకు అర్థమైంది, దేవుడు ఒకడే అయినా పేరు చివర ఉన్న తోకలు ఒకటి కావు. అప్పలనాయుడు అంటే కొప్పుల వెలమ ఇల్లో తూర్పు కాపు ఇల్లో అయి ఉంటుంది. అప్పలరాజు మత్స్యకారుల పేటల్లోనూ ఎక్కువే, క్షత్రియుల ఇళ్లలోనూ ఉంది. అప్పలస్వామి, అప్పన్న అన్ని చోట్లా ఉన్నా దళిత, యాదవ వాడల్లో ఎక్కువగా చూశాను. బ్రాహ్మణ ఇళ్లలో అదే దేవుడు వరాహ నరసింహంగానో నృసింహశాస్త్రిగానో వస్తాడు. కాగితం మీద ఇలా ఉంటే నోటి మీద ఇంకోలా ఉండేది. భూస్వామి ఇంటి అప్పలనాయుడు నాయుడు బాబు. వాళ్ల పొలంలో పాలేరు అప్పలస్వామి అప్పలసామిగాడు, ఇంకా పొట్టిగా అప్పిగాడు. ఇద్దరినీ వాళ్ల తల్లులు ఒకే కొండెక్కి ఒకే స్తంభం చుట్టూ చేతులు వేసి కన్నారు. దేవుడి ముందు ఒకటైన పేరు ఊళ్లోకి వచ్చేసరికి రెండు ముక్కలయ్యేది. ఇది చెప్పకుండా ఈ పేరు గొప్పదనం ఒక్కటే చెబితే అది అబద్ధం.

కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' కథ చదివినవాళ్లకు అప్పల్రాముడు గుర్తుంటాడు. తీర్చలేని అప్పు, ఊరి పెద్దల తగవు, చివరికి కొడుకు సీతారాముడు చేసే భయంకరమైన పని. నేను ఆ కథని పిల్లలకు చెప్పేటప్పుడు ఆ పేరు దగ్గరే ఆగేదాన్ని. అప్పల్రాముడు అనగానే మా పిల్లలకు ఆ మనిషి ఏ జిల్లావాడో, ఊళ్లో ఏ వైపు ఉంటాడో, అతన్ని పెద్దలు ఎలా పిలిచి ఉంటారో వేరే చెప్పనక్కర్లేకపోయేది. కారా మాస్టారు శ్రీకాకుళం జిల్లా మనిషి, బడిపంతులు. ఆయనకూ హాజరు పట్టీ తెలుసు.

అప్పారావు అన్న పేరు గురించి చాలామంది అడుగుతారు. ప్రతి అప్పారావూ సింహాచలం అప్పారావు కాడు. కృష్ణా జిల్లా వైపు నూజివీడు జమీందార్ల వంశంలోనూ అప్పారావు ఉంది. మా విజయనగరం గురజాడ వారి పూర్తి పేరు గురజాడ వెంకట అప్పారావు. వెంకట అని ముందు ఉన్న పేరుని కొండ కిందకి లాక్కొచ్చే పని నేను చేయను.

మా ప్రాంతంలో పేరు వింటే ఊరు చెప్పొచ్చు అనేవారు పాతవాళ్లు. నిజమే. నూకరాజు అంటే అనకాపల్లి నూకాలమ్మ దయ. పైడిరాజు, పైడమ్మ విజయనగరం పైడితల్లి బిడ్డలు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను తిరిగేది ఆ తల్లికే. బొబ్బిలిలో పుట్టిన చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు ఆ పేరుని దేశమంతా తెలిసేలా చేశాడు. కూర్మారావు, కూర్మినాయుడు అంటే శ్రీకూర్మం. సూరయ్య, సూర్యనారాయణ అరసవల్లి. ముఖలింగం అన్న మనిషి కనపడితే వంశధార ఒడ్డున ఉన్న ఆ గాంగుల నాటి గుడిని తలుచుకోవాల్సిందే. వీటన్నిటిలోకీ అప్పన్న పేరు పరిధి పెద్దది. ఒడిశాలో గంజాం, కోరాపుట్ వైపు దాకా వెళ్తుంది. చందనోత్సవానికి అక్కడినుంచి వచ్చే జనాన్ని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

పరిధి అక్కడితో ఆగలేదు కూడా. కరువొచ్చినప్పుడు, అప్పులు మీదపడ్డప్పుడు మావాళ్లు ఓడెక్కారు. భీమునిపట్నం నుంచి, విశాఖ నుంచి, కళింగపట్నం నుంచి స్టీమర్లలో బర్మా పోయేవారు. రంగూన్‌ని మావాళ్లు రంగం అంటారు. "రంగం పోయినాడు" అంటే తిరిగొస్తాడో రాడో అని అర్థం. రేవుల్లో మూటలు మోసినవాళ్లు, వడ్ల మిల్లుల్లో పనిచేసినవాళ్లు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక అరకాన్ కొండల మీదుగానో అస్సాం వైపుగానో వేలమంది నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ల లెక్క లేదు. మా తాత తమ్ముడు అలా వెళ్లి రాలేదు. ఆయన పేరు కూడా అప్పన్నే. ఆయన పోయాడని ఖాయంగా తెలియదు కనుక చాలా ఏళ్లు తద్దినం పెట్టలేదట.

రైలు వచ్చాక బెంగాల్-నాగపూర్ రైల్వే పనికి ఖరగ్‌పూర్ వెళ్లారు. అక్కడ ఇప్పటికీ తెలుగు పేటలున్నాయి, తెలుగు గుళ్లున్నాయి. అక్కడ అప్పారావులు, అప్పలస్వాములు వర్క్‌షాపు మస్టర్ రోల్‌లో ఒక పొడి ఇంగ్లీషు అక్షరమూ, ఒక రావూ అయిపోయారు.

వీటికన్నా దూరం వెళ్లిన దారి దక్షిణాఫ్రికాది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల కోసం ఒప్పంద కూలీలను దించిన మొదటి ఓడ అది. అప్పటినుంచి 1911లో ఈ పద్ధతి ఆగేదాకా ఓడలు వెళ్తూనే ఉన్నాయి. ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. విశాఖపట్నం జిల్లా అందులో కనపడుతుంది. అక్కడి దొరల కచేరీకి ఇంటిపేరు కావాలి. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది, పేరు తర్వాత ఉంటుంది. ఇంగ్లీషు గుమస్తాకి అది తలకెక్కలేదు. తండ్రి పేరునో, కూలీ సొంత పేరునో ఇంటిపేరు చేసేశాడు. అలా అప్పలస్వామి అనే ఒక మనిషి పేరు డర్బన్ ఉన్న నాటాల్‌లో ఒక వంశానికి ఇంటిపేరైంది. ఇవాళ డర్బన్‌లో అప్పల్సామి ఇంటిపేరున్న కుటుంబాలున్నాయి. డాక్టర్లు, టీచర్లు, లాయర్లు. తెలుగు మాట్లాడడం చాలామందికి పోయింది. పేరు పోలేదు. మలేషియా రబ్బరు తోటలకు వెళ్లినవాళ్ల సంతతిలోనూ ఇదే పేరు ఉంది. ఆ మొదటి అప్పలస్వామిని కన్న తల్లి ఎవరో, ఏ ఊరినుంచి కొండెక్కి ఏ మొక్కు మొక్కిందో ఆ కుటుంబాలకు తెలిసే వీలు లేదు. ఎవరైనా డర్బన్ నుంచి వచ్చి అడిగితే చేయి పట్టుకుని కప్పస్తంభం దగ్గరికి తీసుకెళ్లాలని నాకు కోరిక.

ఇక్కడ, కొండ కింద, పేరు ఎలా తగ్గిందో చెప్పాలి. పదో తరగతి పరీక్షలకు ముందు నామినల్ రోల్స్ అని పంపుతాం. సర్టిఫికెట్ మీద ఏ పేరు పడాలో అందులో రాస్తాం. ఒకసారి పడితే మార్చడం చాలా కష్టం కనుక, పేరు మార్చుకోదలిచినవాళ్లు ఆ లోపే రావాలి. 1990ల నుంచి ఆ రోజుల్లో స్టాఫ్‌రూమ్ ముందు తల్లిదండ్రులు వరస కట్టడం మొదలైంది. అప్పలనాయుణ్ణి అనిల్ చేయమని ఒకరు, అప్పలరాజుని రాజేష్ చేయమని ఇంకొకరు. కారణం అడిగితే తండ్రులు తల దించుకునేవారు. పిల్లలే చెప్పేవారు. "పట్నం కాలేజీకి వెళ్తే నవ్వుతారు మేడం." సినిమాలో వంటవాడికీ, కానిస్టేబులుకీ, మొద్దబ్బాయికీ అదే పేరు పెట్టి, మా యాసనే వాడి నోట్లో పెట్టి నవ్వించారు. పదిహేనేళ్ల పిల్లవాడు దాన్ని ఎలా తట్టుకుంటాడు? వాణ్ణి నేను ఏనాడూ తప్పుపట్టలేదు. దరఖాస్తు నేనే రాసిచ్చాను, చాలామందికి. నవ్వినవాళ్ల మీద మాత్రం నా కోపం ఈనాటికీ తగ్గలేదు. కొడుకు బతకాలని ఒక తల్లి తడి బట్టలతో వెయ్యి మెట్లెక్కి తెచ్చుకున్న పేరది. అది మొరటుదని ఎవరు చెప్పారు వీళ్లకు?

ఒక ఏడు ఇలాగే ఒక తండ్రి వచ్చాడు. కొడుకు అప్పలస్వామి, తొమ్మిదిలో ఫస్ట్. పేరు అజయ్ అని మార్చాలి. దరఖాస్తు సగం రాశాక తల్లి వచ్చింది, పొలంనుంచి నేరుగా, కాళ్లకు బురదతో. "మొక్కు పేరు మేడం. నాకు భయం" అంది. తండ్రి ఆమెను కసిరాడు. పిల్లవాడు ఇద్దర్నీ చూసి, "వద్దులెండి మేడం, ఇదే ఉంచండి" అన్నాడు. నేను కాగితం చింపేశాను. ఆ పిల్లవాడు తర్వాత ఇంజనీరింగ్ చదివాడు, కాలేజీలో నవ్వారు, తట్టుకున్నాడు. ఆ మాట అతనే నాకు చెప్పాడు.

పేరు ఉంచుకున్నవాళ్లు పైకి రాలేదా అంటే వచ్చారు. కథలు రాసిన అట్టాడ అప్పల్నాయుడు ఆ పేరుతోనే రాశారు. పలాస నుంచి గెలిచి మంత్రి అయిన డాక్టర్ సీదిరి అప్పలరాజు, 2024లో విజయనగరం నుంచి లోక్‌సభకు వెళ్లిన కలిశెట్టి అప్పలనాయుడు, ఎవరూ పేరు మార్చుకోలేదు. పార్టీలతో నాకు పని లేదు. టీవీలో ఆ పేరు పెద్ద అక్షరాలతో పడినప్పుడు మా ఊళ్లో ముసలివాళ్లు ఎంత సంబరపడతారో నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

భక్తి తగ్గిందా అంటే అదీ లేదు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరిప్రదక్షిణకు జనం లక్షల్లో వస్తారు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడివివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు వానలో తడుస్తూ నడుస్తారు. చెప్పుల్లేని కాళ్లతో, చేతిలో సెల్‌ఫోన్లతో, ఐటీ కంపెనీల ట్యాగులు మెడలో వేసుకున్న పిల్లలు కూడా. వాళ్ల తండ్రుల పేర్లు అడిగి చూడండి.

పోయిన ఏడు మా వీధిలో ఒక జంటకు మగపిల్లవాడు పుట్టాడు. కృత్తిక మొదటి పాదం. 'అ'తో మొదలయ్యే పేరు కావాలి. ఫోన్‌లో వెతికి అద్విక్, అయాన్, ఆరవ్ అని పెద్ద జాబితా పట్టుకుని నా దగ్గరికి వచ్చారు, వీటిలో ఏది మంచిదో చెప్పమని. ఆ అమ్మాయి నా దగ్గర చదువుకున్నదే. నేను జాబితా పక్కన పెట్టి, కప్పస్తంభం గురించీ, మా నాన్న పుట్టుక గురించీ, నాటాల్ ఓడల గురించీ ఇప్పుడు రాసినదంతా చెప్పాను. అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత తన తాత పేరు సింహాద్రి అప్పన్న అనీ, ఇంట్లో ఆ పేరు తీసి చాలా కాలమైందనీ చెప్పాడు. ఇరవై ఒకటో రోజు బియ్యంలో పేరు రాయించారు. అద్విక్ అప్పన్న. పంచాయతీ కార్యాలయంలో ఇచ్చిన జనన ధ్రువపత్రంలోనూ రెండు మాటలూ పడ్డాయి, అక్షరం తప్పు లేకుండా. నేనే వెళ్లి చూసి వచ్చాను.